పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు కింద అంతా తుప్పే, బాగుచేయొచ్చా, వదిలేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: కొత్తగా కొన్న పాత బీటిల్‌లో కార్పెట్ ఎత్తి చూస్తే వెనక సీటు కింద రేకులోంచి నేల కనిపిస్తోంది, డోర్ల కింద ఉండే పొడుగాటి పెట్టెలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. చూసినవాళ్లలో సగం మంది పైన రేకు అతికించి లప్పం పెట్టేయమంటున్నారు, మిగతావాళ్లు తుక్కుకి అమ్మేయమంటున్నారు. రెండూ వద్దండి. అలాగని ఇప్పుడే గ్రైండర్ కూడా పట్టుకోకండి.

నేనూ బీటిల్‌నే బాగుచేశాను. నాలుగు నెలల్లో అయిపోతుందనుకున్నది మూడేళ్లు పట్టింది, అందులో దాదాపు ఏడాది నేను చేసిన తప్పును నేనే విప్పుకోవడానికి సరిపోయింది. ఆ తప్పేంటో ముందు చెప్తాను, ఎందుకంటే మీరు కూడా సరిగ్గా దాని ముందే నిలబడ్డారు.

డోర్ల కింది ఆ పెట్టెను హీటర్ ఛానల్ అంటారు. బీటిల్ ఇంజిన్ వెనకాల ఉంటుంది కదా, అక్కడి వేడిగాలి ఈ పెట్టెలోంచే ముందుకొచ్చి క్యాబిన్‌లోకీ, ముందు అద్దం మీదికీ వెళ్తుంది. పేరు విని నేను ఉత్త గాలి గొట్టమే అనుకున్నాను. నిజానికి బాడీకి బిగువునిచ్చే వాటిలో అది ముఖ్యమైనది. ఈ సంగతి తెలియక, బోల్టులన్నీ విప్పి బాడీని ఫ్లోర్ పాన్ (బండి అడుగు రేకు) మీంచి ఎత్తి, ముందూ వెనకా స్టాండ్ల మీద పెట్టి, ఎడమా కుడీ రెండు ఛానళ్లూ ఒకే వారంలో కోసేశాను. లోపల ఒక్క అడ్డకడ్డీ కూడా పెట్టలేదు. కొత్తవి పెట్టి, శుభ్రంగా వెల్డింగ్ చేసి, ప్రైమర్ కూడా కొట్టి, మురిసిపోతూ డోరు తగిలించాను. మూసుకోదే! పైన కాగితం కూడా దూరట్లేదు, కింద వేలు దూరిపోతోంది. నడుము కుంగిపోయి, డోరు ఖాళీ పైభాగం దగ్గరకి వచ్చేసింది. ఆ వంకరనే నేను పక్కాగా వెల్డింగ్ చేసి పెట్టుకున్నానన్నమాట. తర్వాత ఒక్కో వెల్డింగ్ చుక్కనీ డ్రిల్లుతో తొలిచి విప్పిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ భుజం నొప్పి పుడుతుంది.

కాబట్టి ఏమీ కోయకముందే రెండు డోర్ల చుట్టూ సందులు కొలిచి రాసుకోండి. ఒక్కో డోరుకి కనీసం నాలుగు చోట్ల. తర్వాత డోరు ఖాళీకి అడ్డంగా, ఐమూలగా చదరపు ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేయండి, డోరు తీసి తగిలించడానికి అడ్డం రాకుండా లోపలి వైపుకి. ఒకసారికి ఒక్క వైపే కోయాలి. ఫ్లోర్ పాన్ అంచులు గట్టిగా ఉంటే బాడీని దాని మీదే బోల్టులతో బిగించి ఉంచండి, అదే మీకు అచ్చు. అంచులే పోయుంటే మాత్రం ముందు పాన్ సంగతి చూడాలి, లేకపోతే దేనికి బిగిస్తారు? కొత్త ఛానల్‌ని నాలుగైదు చుక్కలతో పట్టించి, డోరు తగిలించి, మూసి తెరిచి చూసి, ఆ పాత కొలతలతో సరిపోయాకే పూర్తి వెల్డింగ్. విసుగ్గానే ఉంటుంది. నాలా ఏడాది పోగొట్టుకోవడం కంటే నయం.

ఇంతకీ మీ తుప్పు ఎక్కడ మొదలైంది? ఇది తేల్చుకోకుండా కొత్త రేకు వేస్తే అదీ కొన్నాళ్లకి అలాగే పోతుంది. వెనక సీటు కింద కుడివైపే కన్నం ఉందా? అక్కడే బ్యాటరీ కూర్చుంటుంది, ఏళ్ల తరబడి కారిన ఆసిడ్ రేకుని తినేసి ఉంటుంది. అలాంటి చోట వంటసోడా కలిపిన నీళ్లు పోసి, పొంగడం ఆగేదాకా కడిగి, బాగా ఆరాకే పని మొదలెట్టండి. మిగతా చోట్ల కారణం దాదాపు ఎప్పుడూ నిలిచిన నీళ్లే. అద్దాల చుట్టూ గట్టిపడిన రబ్బరు, డోరు అడుగున మట్టితో పూడిపోయిన నీటి కన్నాలు, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడే అతుకులు. ఒకరు పైపుతో అద్దం మీద పది నిమిషాలు నీళ్లు పడుతుంటే ఇంకొకరు లోపల టార్చితో కూర్చోండి. నా బండిలో ముందు అద్దం మూలలోంచి ఒక సన్నటి చార డాష్ వెనకనుంచి దిగి, సరిగ్గా నేను కొత్తగా వేసిన ఫ్లోరు మూలలోకి చేరడం చూశాను. అప్పటికే రంగు వేసేశాను కూడా.

తుప్పు ఎంతవరకు ఉందో కంటితో తేలదు. కింద వేసిన తారు పూతని హీట్ గన్‌తో వేడిచేసి గీకేయండి, తర్వాత చిన్న సుత్తితో వరసగా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు దబ్బుమంటుంది, రెండు నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది. ఆ దబ్బుమన్న చోటల్లా మార్కరుతో గీయండి. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, ఈ పనిలో ఎలుక కోసం తవ్వితే కొండ బయటపడుతుంది. నేను అరచేయంత అనుకున్న మచ్చ చివరికి వార్తాపత్రిక పేజీ అంత అయింది. కోసేటప్పుడు మచ్చ అంచు దాకా కాకుండా ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు మంచి రేకులోకి వెళ్లండి. పలచబడిన రేకు మీద వెల్డింగ్ చేస్తే చుక్క పడదు, కన్నం పెద్దదవుతుంది, దాన్ని పూడ్చబోతే ఇంకో కన్నం.

ఒక హెచ్చరిక. ఛాసిస్ నంబరు నడిమి టన్నెల్ (ఫ్లోరు మధ్యలో ముందునుంచి వెనక్కి పోయే ఉబ్బెత్తు పెట్టె) మీద, వెనక సీటు కిందే కొట్టి ఉంటుంది. తుప్పు గీకే ఊపులో దాన్ని గ్రైండర్‌తో అరగదీశారంటే కాగితాల దగ్గర చచ్చే తిప్పలు. ముందే ఫొటో తీసి, మీద టేపు వేసేయండి.

లప్పం మాటకొస్తే, దాని మీద నాకేం కోపం లేదు. వెల్డింగ్ చేసి నున్నగా అరగదీసిన రేకు మీద రెండు మూడు మిల్లీమీటర్ల లోపు సర్దడానికి అది ఉన్నదే. కానీ కన్నం మీద జాలీ పెట్టి లప్పం మెత్తితే పైన పటారం, లోన లొటారం. లప్పం తేమ పీలుస్తుంది, వెనకనుంచి తుప్పు నడుస్తూనే ఉంటుంది, ఒకరోజు పెచ్చు పెచ్చుగా ఊడొస్తుంది. పాత రేకు మీదే కొత్త రేకు కప్పి అతికించడమూ దాదాపు అంతే, రెండింటి మధ్యా నీళ్లకి ఇల్లు కట్టినట్టు. వీలైనంత వరకు అంచుకి అంచు కలిపి వెల్డింగ్ చేయండి. ఫ్యాక్టరీలోనే రేకు మీద రేకు వేసి అతికిన చోట్ల మాత్రం అలాగే వేసి, మధ్యలో వెల్డింగ్ చేయగలిగే జింక్ ప్రైమర్ కొట్టి, అంచుకి సీమ్ సీలర్ (అతుకు సందులోకి నీళ్లు పోకుండా మూసే పేస్టు) పట్టించాలి.

ఫ్లోర్ పాన్ సగాలు, హీటర్ ఛానళ్లు కొత్తవి రెడీమేడ్‌గా దొరుకుతాయి, అందుకే బీటిల్ విషయంలో నేను వదిలేయమని త్వరగా చెప్పను. అయితే కొత్తది తెచ్చి పక్కన పెట్టి చూసుకున్నాకే పాతది కోయండి, బోల్టు కన్నాలు సరిగ్గా కలవని ముక్కలు నాకు రెండుసార్లు వచ్చాయి.

వెల్డింగ్‌కి మిగ్ మెషీన్ (వైరు దానంతటదే ముందుకొచ్చే వెల్డింగ్ యంత్రం), 0.6 మిల్లీమీటర్ల వైరు, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాసు. ఇంత పలచని రేకు మీద గీత లాగా వెల్డింగ్ లాగితే అప్పడంలా వంకర్లు పోతుంది. ఇక్కడ ఒక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్లీ మధ్యలో ఒకటి. చేయి పెట్టగలిగేంత చల్లారాకే పక్క చుక్క. ముందు మీరు కోసిన తుక్కు రేకు మీదే ఒక వారం సాధన చేయండి. చేయి కుదరకపోతే సిగ్గుపడక్కర్లేదు, విప్పడం, గీకడం, కొలవడం మీరు చేసుకుని వెల్డింగ్ వరకు తెలిసినవాళ్లతో చేయించండి.

మంట గురించి తేలిగ్గా తీసుకోకండి. బీటిల్‌లో పెట్రోల్ ట్యాంకు ముందు బానెట్ కింద ఉంటుంది, దాన్ని తీసి బయట పెట్టండి, బ్యాటరీ కూడా. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేయొద్దు, క్లోరిన్ ఉన్న రకం అయితే వెల్డింగ్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింక్ పూత పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టుంటుంది, మాస్కు తప్పనిసరి. నేనొకసారి పని ముగించి చేతులు కడుక్కుని వచ్చేసరికి ఛానల్ వెనకనుంచి సన్నగా పొగ. లోపల మిగిలిన తారు నిదానంగా అంటుకుంది. అప్పటినుంచి చివరి చుక్క పడ్డాక అరగంట అక్కడే కూర్చుంటాను.

రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పూతలా మార్చే మందు గురించి కూడా అడిగారు. పైపైన ఎర్రబడిన మందపాటి రేకుకి పనికొస్తుంది. పొరలు పొరలుగా లేచిన చోట దండగ. కొత్త రేకుకి ఎపాక్సీ ప్రైమర్ వేయండి, అన్నీ అయ్యాక మూసుకుపోయిన పెట్టెల్లోకి సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం) కొట్టండి. హీటర్ ఛానల్‌లో వేడిగాలి దారి ఉన్న భాగంలో మాత్రం చూసి కొట్టాలి, లేకపోతే హీటర్ వేసినప్పుడల్లా బండంతా మైనం వాసన. నీటి కన్నాలు మూసుకుపోలేదని వైరు దూర్చి చూసుకోండి. నేను సీమ్ సీలర్‌తో ఒకటి మూసేశాను, ఆర్నెల్లకి అక్కడే ఎర్రమచ్చ.

ఇక వదిలేయాలా అన్నదానికి జవాబు ఆ కన్నంలో లేదు. ముందు చక్రాల ఇరుసు బిగించే ఫ్రేమ్ హెడ్, నడిమి టన్నెల్ ఎలా ఉన్నాయో చూడండి. ఆ రెండూ ఖంగుమంటే పని మొదలెట్టొచ్చు. రెండూ పుచ్చిపోతే ఇంకో పాన్ వెతుక్కోవాల్సిందే, అప్పుడు నంబరు, కాగితాల సంగతి ముందే తేల్చుకోవాలి. ఆ రెండు చోట్లా సుత్తితో కొట్టి చూసి, డోర్ల కొలతలూ బ్యాటరీ కింది ఫొటోలూ ఇక్కడ పెట్టండి, ఏ వైపు ముందు కోయాలో అప్పుడు చెప్తాను.