మంచులో మొదటి డిసెంబర్: పాపతో షికాగో ప్రయాణానికి ఏం కుట్టుకోవాలి, ఏం కొనుక్కోవాలి?

మిన్నియాపోలిస్‌కి కొత్తగా వచ్చామని, మంచులో ఇదే మొదటి డిసెంబర్ అని రాశారు. క్రిస్మస్ సెలవులకి నాలుగేళ్ల పాపతో షికాగోలో మీ అన్నయ్యగారింటికి కారులో వెళ్దామనుకుంటున్నారు. ఊళ్లో రవికలు, పాపకి గౌన్లు కుట్టిన అలవాటుతో ఇక్కడ మిషన్ కొన్నారు, చలి బట్టలు కూడా ఇంట్లోనే కుట్టుకోవచ్చా అని అడిగారు. నా పిల్లలిద్దరూ ఈ ఊళ్లోనే పెరిగారు. మా ఇంట్లో మిషన్ ఎక్కువగా తిరిగేది కూడా చలికాలంలోనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా లెక్క ఒకటే. మంచు తగిలేవి కొనండి, మంచు తగలనివి కుట్టండి. స్నోప్యాంట్, బయట ఆడుకునే జాకెట్, మిటెన్స్, బూట్లు కొనాల్సినవే. మామూలు గుడ్డతో ఎంత బాగా కుట్టినా కుట్టు రంధ్రాల్లోంచి తడి లోపలికి దిగుతుంది. ఇక్కడి బళ్ళలో మంచు పడుతున్నా ఆటల టైముకి పిల్లల్ని బయటికి పంపుతారు, మరీ కొరికే చలి ఉంటేనే లోపల ఉంచుతారు. తడిసిన మిటెన్స్‌తో పిల్ల అక్కడ నిలబడకూడదు. కొత్తవే అక్కర్లేదు, పిల్లలు ఏడాది తిరిగేలోపు పెరిగిపోతారు. వన్స్ అపాన్ ఎ చైల్డ్ లాంటి పాత బట్టల షాపుల్లో మంచి స్నోప్యాంట్లు సగం ధరకంటే తక్కువకే దొరుకుతాయి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ మాత్రం పాపకి వద్దు. మిటెన్స్‌లో వేళ్లన్నీ కలిసి ఉంటాయి కాబట్టి వెచ్చదనం నిలుస్తుంది, తొడగడం కూడా తేలిక.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. దూదిపింజలా ఉబ్బిన జాకెట్ తొడిగి పాపని కార్ సీట్లో కూర్చోబెట్టకండి. బెల్టు బిగించినట్టే కనిపిస్తుంది, కానీ అది బిగిసింది జాకెట్‌లోని గాలి మీద. ప్రమాదం జరిగితే ఆ గాలంతా క్షణంలో నొక్కుకుపోతుంది, బెల్టు వదులైపోయి పిల్ల ముందుకు జారుతుంది. నమ్మకం కుదరకపోతే ఇంటి ముందు కారు ఆపి ఉన్నప్పుడే చూడండి. జాకెట్‌తో కూర్చోబెట్టి బెల్టు బాగా బిగించండి. ఆ బిగుతు మార్చకుండా బకిల్స్ మాత్రం తీసి పాపని దించండి. జాకెట్ విప్పి మళ్లీ కూర్చోబెట్టి అదే బిగుతులో బకిల్స్ పెట్టండి. భుజం దగ్గర బెల్టుకీ పాపకీ మధ్య ఎంత ఖాళీ ఉందో మీ కళ్లతోనే చూస్తారు. మా పెద్దదానికి ఇలా చేసి చూసినప్పుడు నా అరచెయ్యి దూరేంత సందు కనిపించింది.

మరి సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్‌లో జాకెట్ లేకుండా ఎలా? ఇక్కడే మీ మిషన్ పని. కార్ సీట్ పాంచో, అంటే తల దూర్చి వేసుకునే చేతుల్లేని గుండ్రటి పైబట్ట, కుట్టండి. లోపల పాప ఒంటికి అతుక్కుని ఉండే పలుచని ఫ్లీస్ స్వెటర్ చాలు, పైన పాంచో. కూర్చోబెట్టేటప్పుడు పాంచో వెనక భాగాన్ని ఎత్తి సీటు వీపు మీదుగా వెనక్కి వేసేయాలి. పాప వీపుకీ సీటుకీ మధ్య గుడ్డ ఉండకూడదు. ముందు భాగం పైకెత్తి, బెల్టు ఒంటికి ఆనేలా బిగించి, ఛాతీ క్లిప్ చంకల ఎత్తున పెట్టి, అప్పుడు ముందు భాగం కిందికి వదలండి. భుజం దగ్గర బెల్టుని రెండు వేళ్లతో గిల్లి చూడండి, గుడ్డ మడత వేళ్లకి చిక్కితే ఇంకా బిగించాలి. కారు వేడెక్కాక ముందు భాగం ఒళ్లోకి మడిచేస్తే పాపకి చెమట పట్టదు. పెద్ద జాకెట్ పక్క సీట్లో పెట్టుకోండి, దారిలో ఆగినప్పుడు తొడగడానికి.

కుట్టడం చాలా తేలిక. ఫ్లీస్ గుడ్డ పన్నా 58 నుంచి 60 అంగుళాలు ఉంటుంది. నాలుగేళ్ల పిల్లకి చేతులు చాపితే ఒక మణికట్టు నుంచి ఇంకో మణికట్టుకి ఎంత ఉందో కొలవండి, అదే మీ గుండ్రం అడ్డకొలత. దాదాపు 36 అంగుళాలు వస్తుంది కాబట్టి గజంబావు గుడ్డ కొంటే టోపీకి కూడా మిగులుతుంది. గుడ్డని నాలుగు మడతలు వేసి, మడతలు కలిసే మూల నుంచి అడ్డకొలతలో సగం దూరాన టేపుతో వంపు గీసి కత్తిరించండి. మెడకి అదే మూలలో రెండున్నర అంగుళాల వంపు తీయండి, విప్పితే అయిదంగుళాల గుండ్రం వస్తుంది. తల పట్టడానికి ముందు వైపు అయిదంగుళాల చీలిక ఇచ్చి, ఇంకో ముక్క లోపల వేసి రెండు గుండీలు పెట్టండి. గుండీలు బెల్టు బకిల్ మీదికి రాకుండా చూసుకోండి. తాళ్లు, దారాలు మెడ దగ్గర అస్సలు పెట్టవద్దు, చిన్నపిల్లలకి ప్రమాదం.

ఫ్లీస్ దారాలు ఊడదు. అంచుకి ఓవర్‌లాక్ అక్కర్లేదు, మడిచి కుట్టకపోయినా నడుస్తుంది. కానీ రవిక గుడ్డలా అనుకుని మామూలు సూదితో మొదలుపెడితే మధ్యమధ్యలో కుట్టు పడదు. బాల్‌పాయింట్ లేదా స్ట్రెచ్ సూది, 14 నంబర్, కొనండి. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు పెట్టండి, వీలైతే సన్నటి జిగ్‌జాగ్. నూలు దారం కాకుండా పాలిస్టర్ దారం వాడండి. మీ మిషన్‌లో పాదం ఒత్తిడి తగ్గించే మర ఉంటే తగ్గించండి, లేకపోతే పై పొర ముందుకు జరిగి చివర్లో రెండు అంచులూ సమానంగా రావు. ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి, ఫ్లీస్ ప్లాస్టిక్ లాంటిదే, మెరుపు మరక పడి కరిగిపోతుంది. చలికాలంలో ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది, ఫ్లీస్ కత్తిరిస్తుంటే చేతులకి చిటపటమని కరెంటు తగులుతుంది, ముక్కలన్నీ ఒంటికి అంటుకుంటాయి. గదిలో గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టుకుంటే ఆ బాధ సగం తగ్గుతుంది, రాత్రిళ్లు పాప ముక్కు ఎండిపోకుండా కూడా ఉంటుంది. గుడ్డ కోసం పాత సలహాల్లో జోఆన్ షాపు పేరు కనిపిస్తే దాని కోసం తిరగకండి, 2025లో ఆ షాపులన్నీ మూతపడ్డాయి. హాబీ లాబీలో, కొన్ని వాల్‌మార్ట్‌లలో ఫ్లీస్ దొరుకుతుంది.

పాంచో అయ్యాక ఇంకో చిన్న పని. వీధి తలుపు కింద సందులోంచి చల్లగాలి వస్తుంటే పాత జీన్స్ కాళ్లు కలిపి గొట్టంలా కుట్టి, లోపల కత్తిరింపు ముక్కలు కుక్కి, బరువుకి కాస్త ఇసుక సంచి పెట్టి అడ్డంగా పడుకోబెట్టండి. బయటి తలుపులు ఎక్కువగా 36 అంగుళాలుంటాయి, గొట్టం రెండంగుళాలు ఎక్కువ ఉండాలి.

ఇక బొంత గురించి. ఖరీదైన కంఫర్టర్ కొనాలా అని అడిగారు. మీ దగ్గర మెత్తబడిన నూలు చీరలుంటే అక్కర్లేదు. మా అత్తగారు ఒక డిసెంబర్‌లో ఇక్కడున్నప్పుడు, బయటికి వెళ్లే వీల్లేక, నా మంగళగిరి చీరలు రెండు, మామయ్యగారి పంచెలు కొన్ని ముందు వేసుకుని కూర్చున్నారు. సాయంత్రం నాలుగున్నరకే ఇక్కడ చీకటి పడిపోతుంది కదా, ఆ పొడుగాటి సాయంత్రాలు ఆవిడకి గడిచింది ఆ బొంతతోనే. పంచెలు మధ్యలో, చీరలు పైనా కిందా. కార్పెట్ మీద పరిచి నాలుగు మూలలా బియ్యం డబ్బాలు బరువు పెట్టారు. ముందు మధ్యలోంచి అంచుల దాకా పెద్ద టాకాలు వేశారు, పొరలు జరగకుండా. ఆ తర్వాత రెండు వేళ్ల ఎడంతో వరసలు. నేను మిషన్ మీద వేసిస్తానంటే, "వద్దే అమ్మాయ్, మిషన్ కుట్టయితే గుడ్డ బిగుసుకుపోతుంది, బొంత ఒంటికి వంగాలి" అన్నారు. ఆవిడ మాట నిజం. చేత్తో వేసిన వదులు కుట్టు మధ్య గాలి నిలుస్తుంది, పొరలు కదులుతాయి, పిల్ల ఎటు దొర్లితే అటు వంగుతుంది. మా చిన్నవాడు ఇప్పటికీ అది లేకుండా పడుకోడు. మీకు అంత తీరిక లేకపోతే అంచులు మిషన్ మీద, లోపలి వరసలు చేత్తో వేయండి. ఒక్క జాగ్రత్త, బొంత ఇంట్లోకే. నూలు తడిస్తే వేడి ఇవ్వదు, కాబట్టి కారులో పెట్టుకునేవి ఫ్లీస్ దుప్పట్లే కావాలి.

ప్రయాణం సంగతి. మిన్నియాపోలిస్ నుంచి షికాగో దాదాపు 400 మైళ్లు. ఆగకుండా ఆరు, ఆరున్నర గంటలు పడుతుంది, పిల్లతో ఎనిమిది అనుకోండి. ఐ-94 మీద ఓ క్లెయిర్, టోమా, విస్కాన్సిన్ డెల్స్ మీదుగా మాడిసన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఐ-90 పట్టుకోవాలి. ఇల్లినాయ్‌లో టోల్ ఉంది, టోల్ కట్టడానికి కారులో పెట్టుకునే మిన్నెసోటా ఈజీపాస్ అక్కడా పనిచేస్తుంది. పగటి వెలుతురంతా వాడుకునేలా పొద్దున ఎనిమిదికల్లా బయల్దేరండి.

తేదీ విషయంలో పట్టు పట్టకండి. అన్నయ్యగారికి ముందే చెప్పి ఉంచండి, ఒకరోజు అటూ ఇటూ అవుతుందని. 2022లో క్రిస్మస్ ముందు మంచు ఆగిన తర్వాతే అసలు బాధ మొదలైంది. పడ్డ మంచుని పెనుగాలి లేపి రోడ్డు మీదికి తోస్తుంటే ముందు కారు కనబడదు. అందుకే మంచు పడుతుందా లేదా అని మాత్రమే కాదు, గాలి ఎంత ఉందో కూడా చూడండి. బయల్దేరే ముందు రాత్రీ పొద్దునా మిన్నెసోటా, విస్కాన్సిన్ రెండింటి 511 రోడ్డు సమాచారం చూడండి, ఏ ముక్కలో రోడ్డు మంచుతో కప్పి ఉందో మ్యాప్ మీద రంగుల్లో చూపిస్తారు. మంచు తోసే లారీ ముందుంటే దాన్ని దాటాలని చూడకండి, బాగా వెనక ఉండండి. తడి రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్ వద్దు. వంతెనలు రోడ్డుకంటే ముందే గడ్డకడతాయి.

కారులో చిన్న పార, ఇసుక సంచి, ఫ్లీస్ దుప్పట్లు, నీళ్లు, పాపకి తినడానికి, ఫోన్ ఛార్జర్ ఉండాలి. పులిహోర పెట్టుకోండి, చల్లారినా తినొచ్చు. అద్దం కడిగే నీళ్లు గడ్డకట్టని రకం, మైనస్ 20 అని రాసి ఉన్నది పోయించండి. దారి పొడవునా ఉప్పు బురద అద్దం మీద పడుతూనే ఉంటుంది, మామూలు నీళ్లయితే అద్దం మీదే ఐస్ అవుతుంది. పెట్రోలు సగానికి దిగనివ్వకండి. ఎక్కడైనా కూరుకుపోతే కారు వదిలి నడవకండి. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకి 15 మైళ్ల గాలి ఉంటే అరగంటలో తెరిచి ఉన్న చర్మానికి ఫ్రాస్ట్‌బైట్ వస్తుంది, అంటే చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతింటుంది. 911కి ఫోన్ చేసి కారులోనే ఉండండి, పొగగొట్టం చుట్టూ మంచు తీసేసి, గంటకి పది నిమిషాల చొప్పున ఇంజన్ వేయండి. పొగగొట్టం మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, ఇది మీ వారికి కూడా తప్పకుండా చెప్పండి.

మంచులో మీ ఇద్దరిలో ఎవరికీ ఇంకా డ్రైవింగ్ అలవాటు కాలేదంటే నేను రైలే ఎక్కమంటాను. సెయింట్ పాల్ యూనియన్ డిపో నుంచి షికాగోకి ఎంపైర్ బిల్డర్ రైలు ముందునుంచీ ఉంది. 2024 మే నుంచి బొరియాలిస్ కూడా రోజూ నడుస్తోంది, ఏడున్నర గంటల ప్రయాణం. పాప కిటికీలోంచి మిసిసిపీ నది చూస్తూ వెళ్తుంది, మీకు టెన్షన్ ఉండదు. సెలవులకి టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ఈ వారమే చూడండి. రైల్లో వెళ్తే కారు వీధిలో వదిలి వెళ్లకండి. రోడ్ల మీద మంచు తోయడానికి సిటీ వాళ్లు స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తే మొదటి రాత్రి పెద్ద రోడ్లు, రెండో రోజు మిగతా వీధుల్లో సరి సంఖ్యల ఇళ్ల వైపు, మూడో రోజు బేసి సంఖ్యల ఇళ్ల వైపు ఖాళీ చేయాలి, లేకపోతే కారు లాక్కెళ్లిపోతారు.

ఇల్లు వదిలేటప్పుడు హీటర్ ఆపవద్దు, 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గించకండి. సింకు కింద అలమర తలుపులు తెరిచి ఉంచండి, గోడ వైపు పైపులకి వేడి తగులుతుంది. మీది డూప్లెక్స్ అన్నారు, మంచు ఆగిన 24 గంటల్లో ముందున్న కాలిబాట శుభ్రం చేయించాలి, అది మీ పనో ఓనర్ పనో అగ్రిమెంట్‌లో చూసుకోండి. మీదైతే పక్కింటివాళ్లని అడగండి, ఇక్కడ ఒకరికొకరు తోసిపెట్టడం మామూలే. మెట్ల మీద ఉప్పు దోసెడు దోసెడు పోయకండి, 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి ఎక్కువైతే మామూలు ఉప్పు మంచుని కరిగించదు, కరిగాక అదంతా చెరువుల్లోకే పోతుంది. అంత చలిలో ఇసుక చల్లుకోవడం మంచిది.

పాంచో కొలతలు నేను ఉజ్జాయింపుగా చెప్పాను. పాప చేతుల కొలత, తల చుట్టుకొలత, కార్ సీట్ ముందుకు చూసేదో వెనక్కి చూసేదో రాస్తే గుడ్డ ఎంత కావాలో, మెడ ఎంత తీయాలో లెక్కగట్టి చెప్తాను.