నీ రాక్షసుణ్ణి తప్పు చేయనివ్వు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. నీ రాక్షసుడు గుహలో పూలమొక్కలు పెంచుతాడు, పిట్టలకు కట్లు కడతాడు, ఊరివాళ్లు రాళ్లు వేస్తే నవ్వి ఊరుకుంటాడు. మూడో పేజీకల్లా నాకు వాడి మీద ఆసక్తి పోయింది. ఇంత మంచివాణ్ణి ఇష్టపడటానికి పాఠకుడికి కష్టమేముంది? కొమ్ములు తీసేస్తే సాధువే కదా! నీ వయసులో నేనూ ఇలాంటివి రాశాను, అందుకే గుర్తుపట్టాను.

మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో వచ్చింది. ఒక మనిషి తయారుచేసిన వికార జీవి కథ అది, చదువు. సినిమా చూశానంటావేమో, అది చాలదు. 1931 నాటి సినిమాలో ఆ జీవికి మాటలు రావు, గుర్రుమంటుందంతే. నవలలో మనకన్నా చక్కగా మాట్లాడుతుంది. (ఫ్రాంకెన్‌స్టైన్ దాన్ని తయారుచేసినవాడి పేరు. పాపం, దానికి పేరే పెట్టలేదు.) ఒక ఇంటిని ఆనుకున్న కొట్టంలో నక్కి, గోడ సందులోంచి వింటూ భాష నేర్చుకుంటుంది. రాత్రిళ్లు ఆ ఇంటివాళ్లకు తెలియకుండా కట్టెలు తెచ్చిపెడుతుంది. అక్కడి గుడ్డి ముసలాయన ఒక్కడే దానితో మర్యాదగా మాట్లాడతాడు. కొడుకు వచ్చి చూసి కర్రతో బాదుతాడు. తర్వాత నీళ్లలో కొట్టుకుపోతున్న పిల్లను కాపాడితే తుపాకీ గుండు దక్కుతుంది.

ఇక్కడిదాకా నువ్వూ రాయగలవు. ఆ తర్వాత అది ఒక చిన్నపిల్లవాడి గొంతు నులిమి చంపుతుంది. నేరం ఏ పాపమూ తెలియని పనిపిల్ల మీద పడేలా చేస్తుంది. ఆమెను ఉరి తీస్తారు.

నేను చెప్పిన వరసలో నవల నడవదు. పిల్లవాడి చావు, ఆ ఉరి ముందే చదివేస్తాం. ఒళ్లు మండిపోయి ఉంటాం. అప్పుడు ఆ జీవి వచ్చి కూర్చుని తన గోడు చెబుతుంది, మనం వింటాం. జాలి కలుగుతుంది, కలిగినందుకు మనమీద మనకే అనుమానం వస్తుంది. ఆ ఇబ్బంది నీ కథలో ఎక్కడా లేదు. నీ ఊరివాళ్లు కూడా ఊరికే రాళ్లు వేస్తారు. అంత భయం వాళ్లకు ఎందుకో నువ్వు అడగలేదు.

రెండో పేజీలో ఒక వాక్యం ఉంది, చూసుకున్నావో లేదో. గుహ బయట ఒక చిన్న చెప్పు పడి ఉందని రాసి వదిలేశావు. ఆ చెప్పు ఎవరిది? ఆ పిల్లవాడు ఏమయ్యాడు? అది తెలిశాక మళ్లీ పంపు.

అన్నయ్య