పెదవులు పలుకుతుంటే మనసు పొయ్యి దగ్గర

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనములు. నా వయసు 46 సంవత్సరాలు. సండేస్కూలులో నేర్చుకున్న పరలోక ప్రార్థనను అప్పటి నుంచి ఉదయం, రాత్రి చెప్పుకుంటూనే ఉన్నాను. ఈ మధ్య ఒక ఉదయం ‘ఆమేన్’ అన్న తరువాత, ఇంతసేపూ నేను ప్రార్థించానా, లేక పొయ్యి మీది పాలు పొంగిపోతాయేమోనని ఆలోచించానా అని నన్ను నేనే అడుగుకోవలసి వచ్చింది. మాట ఒక్కటీ తప్పిపోలేదు, కానీ ఒక్క మాటా నాది అనిపించలేదు. కంఠతా వచ్చిన ప్రార్థన అసలు ప్రార్థనే కాదని, సొంత మాటలతోనే చేయాలని మా పక్కింటి సహోదరి అంటున్నారు. ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. మా నాన్న తాగి వచ్చి అమ్మను కొట్టేవారు. ‘తండ్రీ’ అన్న మాట దగ్గర నా మనసు దానంతట అదే మూసుకుపోతుంది. నేను ఈ ప్రార్థన మానివేయాలా?
– ఒక సహోదరి, అమలాపురం

జవాబు: మానవద్దమ్మా. మీ ఉత్తరంలో నాకు చాలా విలువైనదిగా కనిపించినది ఆ పాల మాటే. ఎందుకో తరువాత చెబుతాను. ముందు మీ పక్కింటి సహోదరి మాట చూద్దాం.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ‘అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దు’ అని హెచ్చరించిన ప్రభువే, రెండు వచనాల తరువాత ‘మీరీలాగు ప్రార్థనచేయుడి’ అంటూ ఈ మాటలను మన నోట పెట్టాడు. లూకా సువార్తలో అయితే శిష్యుడొకడు వచ్చి ప్రార్థన చేయడం నేర్పమని అడిగితే ఆయన ఇచ్చిన జవాబు ఇదే. మాటలు మళ్లీ మళ్లీ చెప్పడమే తప్పయితే, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయన ‘ఆ మాటలే చెప్పుచు మూడవమారు ప్రార్థనచేసెను’ అని మత్తయి ఎందుకు రాస్తాడు? తొలి సంఘపు బోధల సంకలనమైన డిడాకే కూడా ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమని చెప్పింది. ఇక సొంత మాటల సంగతి అంటారా, పాస్టర్లమైన మేము సొంత మాటలనుకుంటూ ఇరవై ఏళ్లుగా అవే నాలుగు వాక్యాలు తిప్పి తిప్పి చెబుతున్నామని మా ఇంట్లోవాళ్లకు బాగా తెలుసు. కంఠతా రావడం ప్రార్థనకు శత్రువు కాదు. కష్టకాలంలో సొంత మాటలు దొరకనప్పుడు నోటికి అందేది అదే కదా.

అయితే కంఠతా వచ్చిన దానికి ఒక ప్రమాదం ఉన్నది, అది నాకు అనుభవమే. కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన చివర సంఘమంతటితో కలిసి ఈ ప్రార్థనను నేనే నడిపించాను. ఆశీర్వాదం అయిపోయింది, అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. రెండో తరగతి చదివే ఒక పాప నా దగ్గరకు వచ్చి, ‘అయ్యగారూ, ఈ రోజు మనకు అన్నం అక్కరలేదా?’ అని అడిగింది. నాకు ముందు అర్థం కాలేదు. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్న వాక్యాన్ని నేను వదిలేశాను, నా వెనకే రెండు వందల మంది కూడా వదిలేశారు, ఆ పాప తప్ప ఎవరూ గమనించలేదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు నాకు ముద్ద సరిగా దిగలేదు.

ఈ బాధ కొత్తదేమీ కాదు. 1535లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్, తనకు క్షవరం చేసే పీటర్ అనే క్షురకుడు ప్రార్థన ఎలా చేయాలని అడిగితే, అతని కోసం ఒక చిన్న పుస్తకమే రాశాడు. మంచి క్షురకుడు తన చూపును, ధ్యాసను కత్తి మీదా వెంట్రుకల మీదా ఉంచుతాడనీ, కబుర్లు చెబుతూ అటూ ఇటూ చూస్తే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుందనీ, ప్రార్థన కూడా అలాంటి పనేననీ అందులో చెప్పాడు. ప్రభువు ప్రార్థన, అంటే మన పరలోక ప్రార్థన, ఈ భూమి మీద అందరికంటే గొప్ప హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) అని కూడా ఆయనే అన్నాడు, అందరూ దాన్ని అంతగా హింసిస్తున్నారని ఆయన బాధ. లూథర్ చెప్పిన పద్ధతి సులువైనది. ఒక్కొక్క మనవి దగ్గర ఆగి, దానిని తన సొంత మాటలలో విప్పుకోవడం, ఏదైనా ఒక మనవి దగ్గర మనసు వేడెక్కితే మిగిలినవి ఆ పూటకు వదిలేసి అక్కడే ఉండిపోవడం. మొత్తం పూర్తి చేయాలన్న నియమమేమీ ఆయన పెట్టలేదు. (ఆ పీటర్ అదే ఏడాది ఈస్టరు సమయంలో కుటుంబంతో భోజనానికి కూర్చున్నచోట, తాగిన మత్తులో తన అల్లుణ్ణి పొడిచి చంపి దేశాంతరం పోవలసి వచ్చింది. ప్రార్థన గురించి పుస్తకం రాయించుకున్నవాడికి కూడా ‘మమ్మును శోధనలోకి తేక’ అన్న మాట అవసరం తీరలేదు. మీ నాన్నగారి గురించి చదివినప్పుడు నాకు ఈ సంగతి గుర్తుకు వచ్చింది.)

ఇప్పుడు ‘తండ్రీ’ అన్న మాటకు వస్తాను, మీ ఉత్తరంలో అసలు ముల్లు అక్కడే ఉన్నది. యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో ఆ మాట ‘అబ్బా’. అది పసిపిల్లలు పలికే ముద్దు మాట అని మా ప్రసంగాలలో తరచుగా చెబుతుంటాం కానీ, పెరిగి పెద్దయిన కొడుకులూ కూతుళ్లూ కూడా తండ్రిని అలాగే పిలిచేవారని పండితులు దిద్దారు. నాకు ఆ దిద్దుబాటే నచ్చింది. నలభై ఆరేళ్ల కూతురు, జరిగినదంతా తెలిసిన కూతురు, పిలవగలిగిన పిలుపు అది. ‘భూమిమీద ఎవనికైనను తండ్రి అని పేరు పెట్టవద్దు, ఒక్కడే మీ తండ్రి’ అని చెప్పిన యేసు, ఇంటి తండ్రిని కొలబద్దగా పెట్టుకుని దేవుణ్ణి కొలవమనలేదు. దేవుణ్ణి చూసిన తరువాత ఇంటి తండ్రి ఎంత తక్కువైనాడో చెప్పుకునే హక్కు మీకు ఇచ్చాడు. కాబట్టి ఆ మాట దగ్గర మనసు మూసుకుపోయినప్పుడు దానిని బలవంతంగా తెరవవద్దు. అక్కడే ఆగి, ‘ఈ మాట నా నోటికి రావడం లేదు, ఎందుకో నీకు తెలుసు’ అని ఆయనతోనే అనండి. కొన్ని రోజులు మీ ప్రార్థన అంతటితోనే ముగిసినా నష్టం లేదు. లూకా సువార్త పదిహేనవ అధ్యాయంలో, ఇల్లు విడిచిపోయి తిరిగి వచ్చిన కుమారుడు సిద్ధం చేసుకున్న మాటలు పూర్తిగా చెప్పకముందే తండ్రి పరుగెత్తి వచ్చాడు.

తెలుగులో ఈ ప్రార్థన చెప్పేవారికి చాలా భాషలవారికి లేని రెండు మేళ్లు ఉన్నాయని నాకు అనిపిస్తుంది. ఒకటి, నీవు–మీరు. ప్రొటెస్టెంట్ సంఘాలలో మనం ‘నీ నామము పరిశుద్ధపరచబడుగాక’ అంటాం, కతోలిక సహోదరులు ‘మీ నామము పూజింపబడునుగాక’ అంటారు. మన ఇళ్లలో చాలాచోట్ల అమ్మను ‘నువ్వు’ అనీ నాన్నను ‘మీరు’ అనీ పిలవడం అలవాటు. పరలోకపు తండ్రిని అమ్మతో మాట్లాడినట్లు ‘నీవు’ అనడంలో ఒక చనువు ఉన్నది, ‘మీరు’ అనడంలో ఒక వణుకు ఉన్నది, ప్రార్థనకు రెండూ కావాలి. మీరు ఏ సంఘపు మాటలతో పెరిగినా, ఒక రోజు రెండో విధంగా చెప్పి చూడండి. రెండవది, మా–మన. గ్రీకులో ఈ రెండింటికీ ఒకటే మాట. మన భాషలో ఎదుటివారిని కలుపుకుంటే ‘మన’, కలుపుకోకపోతే ‘మా’. దేవునితో మాట్లాడుతున్నాం కాబట్టి అనువాదకులు ‘మా తండ్రీ’ అన్నారు. అయితే ఆ ‘మా’లో మీరు ఒక్కరే లేరు. ఈ ప్రార్థన మొత్తంలో ‘నేను’, ‘నా’ అన్న మాటలు ఒక్కచోట కూడా లేవు. ఒంటరిగా గదిలో తలుపు వేసుకుని చెప్పినా దెబ్బలు తిన్న మీ అమ్మగారు ఆ ‘మా’లో ఉంటారు, మీ పక్కింటి సహోదరీ ఉంటారు.

ఇక పాల సంగతి. ‘అనుదినాహారము’ అని మనం చదివే చోట గ్రీకు మూలంలో ఉన్న ‘ఎపియూసియోస్’ అనే మాట గురించి మూడవ శతాబ్దపు పండితుడు ఒరిగెన్, ఇది జనం వాడుకలో లేదు, సువార్తికులే కల్పించినట్లున్నది అని రాశాడు. ఈ రోజుకు సరిపడే ఆహారమా, రేపటి ఆహారమా, బ్రతకడానికి తప్పనిసరి అయినంత ఆహారమా అన్న చర్చ ఇంకా తెగలేదు. నాకు మాత్రం నిర్గమకాండములో, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం మన్నా గుర్తుకు వస్తుంది. రేపటికి దాచుకున్నది పురుగు పట్టింది, విశ్రాంతిదినానికని ముందు రోజు ఏరుకున్నది తప్ప. మీ పొయ్యి మీది పాలు, పిల్లల టిఫిను, నెలాఖరుకు అడుగంటిన బియ్యం డబ్బా, ఇవన్నీ ఆ మనవిలోనివే. అవి మిమ్మల్ని ప్రార్థన నుంచి బయటకు లాగుతున్నాయని మీరు అనుకుంటున్నారు, నాకైతే అవి ఆ నాలుగో వాక్యం దగ్గర తమ వంతు కోసం నిలబడినట్లు కనిపిస్తున్నాయి. ధ్యాస పాల మీదికి పోయినప్పుడు తిట్టుకోకుండా, ‘తండ్రీ, ఈ పాలు కూడా నీవు ఇచ్చినవే’ అని ఒక్క మాట చెప్పి, నిజంగానే పొంగబోతుంటే లేచి వెళ్లి పొయ్యి కట్టేసి రండి. ఆయన కాచుకునే ఉంటాడు.

మరొక సలహా, వీలైతేనే. ‘వచ్చుగాక’, ‘నెరవేరునుగాక’ అన్న రూపాలు మన ఇళ్లలో ఎవరూ వాడరు, అందువల్ల అవి నాలుక మీద జారిపోతాయి. వారానికి ఒకసారి ఆ వాక్యాలను కోనసీమ మాటలలో మీరే చెప్పుకోండి. ‘నువ్వు అనుకున్నదే జరగనీ, నాకు నచ్చకపోయినా’ అని నోటితో అనడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు తెలుస్తుంది. తోటలో ప్రభువు అన్నదీ అదే.

ప్రశ్న: మా అన్నయ్యకూ నాకూ పొలం గట్టు మీద ఎనిమిదేళ్లుగా కోర్టు కేసు నడుస్తున్నది. ఇద్దరం ఒకే సంఘానికి వెళ్తాం. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అన్న చోట నేను నోరు మూసుకుంటాను. అబద్ధం చెప్పడం కంటే అది మేలు కదా?
– ఒక రైతు, సత్తెనపల్లి మండలం

జవాబు: సహోదరా, ఈ పని చేసినవారిలో మీరు మొదటివారు కాదు. అయిదవ శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి, సంఘమంతా ఈ ప్రార్థన చెబుతున్నప్పుడు కొందరు సరిగ్గా ఈ వాక్యం దగ్గర మౌనంగా ఉండిపోతారని, తమ నోటితో తామే తీర్పు తెచ్చుకోకూడదని అలా చేస్తారని రాశాడు. మౌనం వల్ల దేవుణ్ణి మోసం చేయలేరని కూడా ఆయన గట్టిగానే చెప్పాడు. మీ మౌనంలో నిజాయితీ ఉన్నది, దానిని నేను తీసిపారేయను. అయితే అది దారిలో ఒక మజిలీ మాత్రమే, అక్కడే ఇల్లు కట్టుకోకండి.

మత్తయిలో ఉన్న మాట ‘ఋణములు’. చాలా సంఘాలలో దాన్ని ‘అపరాధములు’ అని మార్చి చెబుతాం, అందువల్ల వాడి తగ్గుతుంది. అరమాయిక్‌లో ‘హోబా’ అంటే అప్పు, పాపం రెండూ. అప్పు అంటే ఏమిటో రైతుకు వివరించనవసరం లేదు, ప్రామిసరీ నోటు, వడ్డీ, గడువు అన్నీ మీకు తెలిసినవే. పద్దెనిమిదవ అధ్యాయంలోని ఉపమానంలో ఒక దాసుడికి పదివేల తలాంతుల అప్పు మాఫీ అయింది. తలాంతుకు సుమారు ఆరు వేల దేనారములు, దేనారము ఒక రోజు కూలి, అంటే ఆరు కోట్ల రోజుల కూలి. వాడు బయటికి వచ్చి నూరు దేనారముల కోసం, అంటే మూడు నెలల కూలి కోసం, తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు.

క్షమించడమంటే గట్టు వదులుకోవడం కాదు. కేసు నడవనివ్వండి, కొలతలు వేయించండి, న్యాయం ఎవరిదైతే వారికి రానివ్వండి. అన్నయ్య నాశనం కావాలన్న కోరికను మాత్రం వదులుకోవాలి. ఈ ఆదివారం ఆ వాక్యం దగ్గర మూసుకున్న నోటితోనే, ‘క్షమించలేదు ప్రభువా, క్షమించాలని కూడా లేదు, ఆ కోరికైనా పుట్టించు’ అని లోపల అనుకోండి. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర అన్నయ్య ఎదురైతే ‘వందనాలు అన్నయ్యా’ అనండి. ఆయన జవాబు చెప్పకపోయినా సరే.

ప్రశ్న: అమెరికాలో పుట్టిన మా అబ్బాయికి ఈ ప్రార్థన ఇంగ్లీషులోనే వచ్చు. తెలుగులో నేర్పించకపోతే తప్పా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: తప్పేమీ లేదమ్మా. యెరూషలేములో ఒలీవల కొండ మీద ఉన్న పాటర్ నోస్టర్ దేవాలయపు గోడల మీద ఈ ప్రార్థన నూరుకు పైగా భాషలలో ఉన్నది. బాబు మీతో ఏ భాషలో అలుగుతాడో ఆ భాషలోనే ముందు ప్రార్థించనివ్వండి. తెలుగు మాత్రం వాళ్ల నాయనమ్మను నేర్పమనండి, ఆదివారానికి ఒక్క వాక్యం చొప్పున, ఫోనులో.