ఓక్లహోమాకు వెళ్తున్న అమ్మలుకు

అమ్మలూ,

నీకు వీసా వచ్చిందని మీ అమ్మ స్వీట్లు పట్టుకొచ్చిన రోజు నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్ గురించి అందరూ చెబుతారు. నువ్వు చదవబోయే అమెరికా ఊరు నార్మన్‌లో టోర్నడోలు, అంటే మేఘం నుంచి నేలదాకా దిగే భయంకరమైన సుడిగాలులు, వస్తాయన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ చుట్టుపక్కలే ఎనిమిదేళ్లు ఉన్నదాన్ని, నేనే చెప్పాలి.

మనం చెన్నైవాళ్లం, మనకు తుఫాను తెలుసు. 2016 డిసెంబర్ 12న వర్దా వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. ముందే టీవీలో చెప్పారు కాబట్టి కొవ్వొత్తులు కొన్నాం, బకెట్లన్నీ నింపుకున్నాం. గాలి మొదలయ్యాక కూడా అందరం కిటికీ దగ్గర చేరి ఎదురింటి వేపచెట్టు ఊగడం చూస్తూ నిలబడ్డాం. ఆ అలవాటుతో అక్కడికి వెళ్లకు. 2013 మే 20న నార్మన్‌కు ఆనుకుని ఉన్న మూర్‌ను దెబ్బతీసిన టోర్నడో, హెచ్చరిక ఇచ్చిన 16 నిమిషాలకే నేలకు దిగింది. 24 మంది పోయారు. ఎక్కడికి వెళ్లాలో అప్పుడు ఆలోచించుకునే టైమ్ ఉండదమ్మా.

అందుకే క్లాసులు మొదలైన వారంలోనే నువ్వు తిరిగే ప్రతి బిల్డింగ్‌లో షెల్టర్ ఎక్కడో అడిగి, ఒకసారి నడిచి చూసుకో. అన్నిటికంటే కింది అంతస్తు, మధ్యలో ఉన్న గది, కిటికీలు లేనిది. బాత్రూమ్ అయినా సరే. జిమ్, ఆడిటోరియం లాంటి పెద్ద కప్పు హాళ్లలో ఉండకు. లిఫ్ట్ ఎక్కకు.

రెండు మాటలు కలగాపులగం చేసుకోకు. 'వాచ్' అంటే టోర్నడో రావడానికి వాతావరణం అనుకూలంగా ఉందని. ఫోన్ ఛార్జ్ చేసుకుని, షెల్టర్‌కు దగ్గర్లో ఉండు. 'వార్నింగ్' అంటే ఎవరో కళ్లారా చూశారు, లేదా రాడార్‌లో కనిపించింది. ఆ మాట వినగానే లేచి వెళ్లాలి. సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం. తలుపులేసుకుని పడుకుంటే వినిపించకపోవచ్చు. ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు చిరాకుగా మోగుతున్నాయని చాలామంది పిల్లలు ఆపేస్తారు. నువ్వు ఆపకు.

ఇప్పుడు చెప్పులు. మనం గుమ్మంలో విప్పేస్తాం కదా. అక్కడికి వెళ్లిన మొదటి వేసవిలో ఒక రాత్రి సైరన్ మోగితే నేను బాల్కనీలోకి వెళ్లి ఆకాశం చూస్తున్నాను. పక్కింటి పెద్దావిడ తలుపు బాది, నా చెయ్యి పట్టుకుని కింద లాండ్రీ గదికి లాక్కెళ్లింది. వట్టి కాళ్లతోనే వెళ్లాను. టోర్నడో మా వైపు రాలేదు గానీ, ఆ గాలికే మెట్ల దగ్గరి కిటికీ పగిలింది. పైకి వస్తుంటే అరికాల్లో గాజుముక్క దిగింది. ఆవిడే ఫోన్ వెలుతురులో, తన కనుబొమలు సరిచేసుకునే పట్టకారుతో దాన్ని తీసింది. ఆ రోజు నుంచీ నా బూట్లు మంచం కిందే ఉండేవి. నీవీ అక్కడే ఉండాలి. పక్కనే సైకిల్ హెల్మెట్ పెట్టుకో, తలకు దెబ్బ తగలకుండా కాపాడుతుంది. పాస్‌పోర్ట్, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన కాగితం) ఒక జిప్ కవర్‌లో పెట్టి బ్యాగ్‌లో ఉంచు.

కారులో ఉండగా వస్తే ఫ్లైఓవర్ కింద ఆగకు. వర్షానికి మనం ఇక్కడ అలాగే ఆగుతాం గానీ, టోర్నడో అప్పుడు ఫ్లైఓవర్ కింద గాలి ఇంకా ఉధృతంగా దూసుకొస్తుంది. దగ్గర్లో ఉన్న గట్టి బిల్డింగ్‌లోకి వెళ్లిపో.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎక్కువ. సాయంత్రాలు మరీనూ. మీకు సాయంత్రమంటే మాకు తెల్లవారుజాము. మీ అమ్మ లేవగానే వార్త చూసి కంగారుపడుతుంది. గండం గడిచాక ఫోన్ కలవకపోయినా మెసేజ్ వెళ్లొచ్చు. 'బాగున్నాను' అని ఒక్క ముక్క పెట్టు, ముందు అమ్మకు, తర్వాత నాకు.

మీ పెద్దమ్మ