మాగ్నెట్‌కి సుత్తి తగలనివ్వకు

చిరంజీవి అల్లుడికి,

నీ బైక్‌కి సెల్ఫ్ నొక్కితే మోటార్ గిర్రున తిరుగుతోంది, ఇంజన్ మాత్రం కదలట్లేదు, కిక్కు కొడితే ఒక్క దెబ్బకే స్టార్ట్ అవుతోంది అన్నావు. అయితే అది స్టార్టర్ క్లచ్చే, అంటే సెల్ఫ్ మోటార్ తిరుగుడుని ఇంజన్‌కి అందించే భాగం. ఉత్త 'టక్ టక్' అని ఆగిపోతే బ్యాటరీయో, మోటార్‌కి కరెంటు వదిలే రిలేయో అనుకునేవాణ్ణి.

అలాగని బ్యాటరీని వదిలెయ్యకు. ఫుల్ ఛార్జ్ మీద 12.6 వోల్టులు ఉండాలి. కిక్కుతో నడుస్తోందని నీరసపడ్డ బ్యాటరీతోనే తిప్పుతుంటారు. అప్పుడు సెల్ఫ్ నొక్కితే ఇంజన్ సగంలో ఆగి వెనక్కి తన్నుతుంది, ఆ తన్నంతా తినేది ఈ క్లచ్చే.

విప్పే ముందు నెగటివ్ వైరు తీసెయ్. బండికి సెంటర్ స్టాండ్ వేసి ఆయిల్ దించు, లేదంటే అక్క వాకిలి పాడయ్యిందని నన్ను తిడుతుంది. ఇంజన్ ఎడమవైపు కవర్‌ని మాగ్నెట్ (షాఫ్ట్ చివర తిరిగే అయస్కాంతాల చక్రం) లోపలికి లాగుతూ ఉంటుంది. రాలేదని స్క్రూడ్రైవర్ దూర్చకు, ప్యాకింగ్ కూర్చునే అంచు గీసుకుపోయి ఆయిల్ కారుతుంది.

ఇక మాగ్నెట్. దీన్ని షాఫ్ట్ నుంచి ఊడలాగే పనిముట్టు, పుల్లర్, ఉండాల్సిందే. ఒకప్పుడు ఓ మెకానిక్ నా కళ్లముందే సుత్తితో నాలుగు దెబ్బలేశాడు. మాగ్నెట్ ఊడింది, లోపలి అయస్కాంతం ముక్క కూడా ఊడింది. కాశీనగర్‌లో పుల్లర్ దొరక్కపోతే రైలెక్కి పర్లాకిమిడి రా, నాది పట్టుకెళ్దువు. మాగ్నెట్ కింద షాఫ్ట్ గాడిలో అర్ధచంద్రం లాంటి చిన్న కీ ఉంటుంది, రాలిపోకుండా చూసుకో.

మాగ్నెట్ తిరగేస్తే వెనక మూడు రోలర్లు, ఒక్కోదాని వెనక ఒక్కో స్ప్రింగు కనబడతాయి. రోలర్‌ని తుడిచి గాజుపలక మీద దొర్లించు. అరిగినది ఒక చోటికి రాగానే తడబడి ఆగుతుంది. తర్వాత ఆ రోలర్లు పట్టుకునే గేరు మెడ మీద గోరు నడిపించు. గోరు గాడిలో పడితే గేరు కూడా మార్చు, లేకపోతే కొత్త రోలర్లు కూడా నిలవవు. షాపులో 'సెల్ఫ్ క్లచ్' అంటే ఒడియా వాళ్లకైనా మనవాళ్లకైనా అర్థమవుతుంది, పాత రోలర్ చూపించి మరీ తీసుకో.

క్లచ్ అలెన్ బోల్టుల మరలు ఆయిల్ లేకుండా తుడిచి, త్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించు. బిగించాక గేరు ఒకవైపు తిరగాలి, రెండోవైపు పట్టుకోవాలి. రెండువైపులా తిరిగితే స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదన్నమాట. మళ్లీ విప్పు.

కవర్ మూసే ముందు మాగ్నెట్ లోపల వేలితో చుట్టూ తడుము. నేనొకసారి పోయిన వాషర్ కోసం నేలంతా వెతికి, కొత్తది వేసి మూసేశాను. అది మాగ్నెట్‌కే అంటుకుని ఉంది. స్టార్ట్ చేసిన నిమిషానికే మాగ్నెట్ లోపల ఉండే కరెంటు పుట్టించే కాయిల్‌ని చీరేసింది. అది చుట్టించడానికి బరంపురం దాకా తిరగాల్సొచ్చింది.

ఆదివారం విప్పుతానంటే పొద్దున్నే ఫోన్ చెయ్, నేను ఇంట్లోనే ఉంటాను.

మీ మావయ్య