టెక్ సందేహాలు: కోర్ రెండయితే గేమ్ స్పీడూ రెట్టింపవుతుందా?

ప్రశ్న: 2005లో కొన్న పీసీని పాత గేమ్స్ కోసం ఇంకా ఉంచుకున్నాను. అథ్లాన్ 64 3200+ ప్రాసెసర్ (సాకెట్ 939), 1 జీబీ ర్యామ్, జీఫోర్స్ 6600 జీటీ గ్రాఫిక్స్ కార్డు, విండోస్ ఎక్స్‌పీ. సెకండ్‌హ్యాండ్‌లో డ్యూయల్ కోర్ అథ్లాన్ 64 ఎక్స్2 3800+ దొరికింది. అది వేస్తే గేమ్స్ స్పీడ్ పెరుగుతుందా? జీటీఏ 4 ఆడుతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: జీటీఏ 4 మీద ఆశ వదులుకోండి. 2008 డిసెంబరులో పీసీకి వచ్చినప్పుడే దానికి కనీసం 1.8 గిగాహెర్ట్జ్ కోర్ 2 డుయో గానీ, 2.4 గిగాహెర్ట్జ్ అథ్లాన్ ఎక్స్2 గానీ ఉండాలన్నారు. మీకు దొరికింది 2.0 గిగాహెర్ట్జ్‌ది. పైగా 1.5 జీబీ ర్యామ్, 256 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలి.

ఇక పాత గేమ్స్. 3200, 3800 అని చూసి స్పీడ్ పెరుగుతుందనుకుంటాం గానీ అవి గిగాహెర్ట్జ్ లెక్కలు కావు. సాకెట్ 939లో 3200+ వేగం 2.0 గిగాహెర్ట్జ్. ఎక్స్2 3800+లో ఒక్కో కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) వేగమూ అంతే. పొయ్యి మీద రెండో పెనం పెట్టినంత మాత్రాన మొదటి పెనం మీది అట్టు త్వరగా కాలదు కదా! అదే సమయంలో ఇంకో అట్టు వేసుకోవచ్చు, అంతే. 2005 నాటి గేమ్స్‌లో చాలావాటికి ఆ రెండో అట్టు వేయడం తెలియదు. క్వేక్ 4, కాల్ ఆఫ్ డ్యూటీ 2 లాంటి కొన్నిటికి మాత్రం డ్యూయల్ కోర్‌ని వాడుకునే ప్యాచ్‌లు (గేమ్‌ను సవరించే అప్‌డేట్లు) తర్వాత వచ్చాయి. మిగతావాటిలో మీకు కనిపించే లాభమల్లా, వెనక యాంటీవైరస్ స్కాన్ నడుస్తున్నా గేమ్ ఆగి ఆగి నడవకపోవడం.

డబ్బు పెట్టేముందు ఓ చిన్న పరీక్ష చేయండి. గేమ్‌లో రిజల్యూషన్ బాగా తగ్గించి ఆడి చూడండి. సెకనుకు కనిపించే ఫ్రేమ్‌లు (బొమ్మలు) ఒక్కసారిగా పెరిగితే అడ్డం పడుతున్నది గ్రాఫిక్స్ కార్డు. ఏమీ మారకపోతే ప్రాసెసర్. టాస్క్ మేనేజర్‌లో 100 శాతం కనిపించిందని ప్రాసెసర్ మీదికి వెళ్ళిపోకండి. సింగిల్ కోర్ మీద గేమ్ నడిచేటప్పుడు అలా చూపించడం మామూలే.

అయినా వేయాలనుకుంటే, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (మదర్‌బోర్డులో ఉండే, పీసీని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. ఎక్స్2 ప్రాసెసర్లు 2005 మధ్యలో వచ్చాయి. అంతకుముందు తయారైన బోర్డుల బయోస్ వాటిని గుర్తుపట్టకపోవచ్చు. అసలు టెన్షన్ కూలర్ తీసేటప్పుడు! ఇన్నేళ్ళలో థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) ఎండి బంకలా పట్టేసి ఉంటుంది. పైకి లాగితే సాకెట్ లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది. నాకు ఒకసారి అలాగే వచ్చింది. వంగిన పిన్నులను బ్లేడుతో సరిచేసుకుంటూ ఓ ఆదివారమంతా కూర్చున్నాను. పది నిమిషాలు గేమ్ నడిపి, ప్రాసెసర్ వేడెక్కాక సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులు చేశాకే ఎత్తండి. కొత్త పేస్ట్ తప్పనిసరి.

ఎక్స్‌పీలో చూడాల్సింది ఒకటుంది. డివైజ్ మేనేజర్‌లో కంప్యూటర్ అన్నచోట 'ఏసీపీఐ మల్టీప్రాసెసర్ పీసీ' అని, టాస్క్ మేనేజర్‌లో రెండు గ్రాఫులు ఉండాలి. కొన్ని పాత గేమ్స్ ఎక్స్2 మీద పిచ్చి స్పీడుగానో కుదుపులతోనో నడుస్తాయి. రెండు కోర్ల లోపలి గడియారాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్ల వచ్చే తంటా అది. ఏఎండీ డ్యూయల్ కోర్ ఆప్టిమైజర్ వేస్తే సర్దుకుంటుంది. లేదంటే టాస్క్ మేనేజర్‌లో ఆ గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, సెట్ అఫినిటీలో ఒక్క కోర్‌కే టిక్ పెట్టండి. అవును, డబ్బు పెట్టి రెండో కోర్ కొని దాన్నే ఆపేయడం!

నన్నడిగితే, పరీక్షలో గ్రాఫిక్స్ కార్డు దోషమని తేలితే ఆ డబ్బు అక్కడే పెట్టండి.

ప్రశ్న: నా పాత నెట్‌బుక్‌లో ఆటమ్ ఎన్270 ఉంది. టాస్క్ మేనేజర్‌లో రెండు గ్రాఫులు కనిపిస్తున్నాయి. డ్యూయల్ కోరేనా? కాకపోతే మార్చుకోవచ్చా?

జవాబు: సింగిల్ కోరే. హైపర్ థ్రెడింగ్ వల్ల విండోస్‌కు ఒక కోర్ రెండుగా కనిపిస్తోంది. ఆ ప్రాసెసర్‌ను బోర్డుకే సోల్డర్ చేసేశారు కాబట్టి మార్చడం కుదరదు. హార్డ్ డిస్క్ సాటా కనెక్షన్‌ది అయితే ఎస్ఎస్‌డీ వేసుకోండి. గేమ్స్‌లో ఫ్రేమ్‌లు పెరగవు గానీ ఆన్ చేసి టీ తాగి వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు.