లండన్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ పక్క సందులోకి వంటగది పెంచుకోవాలంటే ఏ అనుమతులు కావాలి?

ఇంగ్లండ్‌లో విడి ఇళ్లకు కొంతవరకు దరఖాస్తు లేకుండానే పెంచుకునే వెసులుబాటు ఉంది, ఫ్లాట్లకు లేదు. ఎంత చిన్న గదికైనా కౌన్సిల్ ప్లానింగ్ పర్మిషన్ తప్పదు.

కానీ ఆర్కిటెక్ట్‌కు డబ్బు కట్టకముందే లీజు (ఫ్లాట్ మీద మీకున్న దీర్ఘకాలిక హక్కు పత్రం) చదవండి, దయచేసి. ఆ సందు మీ లీజులో ఉందా, ఫ్రీహోల్డర్ (భవనం, స్థలం అసలు యజమాని) దగ్గరే ఉందా? మీదే అయినా కట్టడానికి సాధారణంగా ఆయన రాతపూర్వక సమ్మతి కావాలి. ఆయనదైతే ముందు ఆ స్థలం కొనుక్కోవాలి, అసలు బేరం అక్కడే. కౌన్సిల్ ఒప్పుకున్నంత మాత్రాన ఫ్రీహోల్డర్ ఒప్పుకోవాలని లేదు.

పక్కింటి గోడకు 3 మీటర్లలోపు, వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వితే 1996 పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం ప్రకారం నెల ముందే పక్కింటివాళ్లకు నోటీసివ్వాలి. ఉమ్మడి గోడ మీద పనైతే రెండు నెలల ముందు. పై ఫ్లాట్‌ వాళ్లతోనూ ముందే మాట్లాడండి, కొత్త కప్పు వాళ్ల కిటికీ కిందికే వస్తుంది. బిల్డింగ్ రెగ్యులేషన్స్ (కట్టడం భద్రత, నాణ్యత నియమాలు) ఆమోదం వీటన్నిటికీ వేరు.